చిట్టా ముందు, ఆవర్జా తరువాత

కామర్స్ చదివినవారికి చిట్టా, ఆవర్జా కొత్త మాటలు కావు. జరిగిన లావాదేవీని జరిగిన వరుసలో ముందు చిట్టాలో రాయాలి. ఆ తరువాతే ఎవరి ఖాతాలోకి వారి పద్దు ఆవర్జాలో ఎక్కించాలి. ఆవర్జాకు చెదలు పట్టినా చిట్టా ఉంటే మళ్ళీ రాసుకోవచ్చు.

కంప్యూటర్‌లోని డేటాబేస్ కూడా ఇదే పద్ధతిలో నడుస్తుందని తెలిసిన రోజున నాకు నవ్వొచ్చింది. వాళ్ళు ట్రాన్సాక్షన్ లాగ్ అనేది మన చిట్టానే! మీరు డబ్బు కట్టగానే ఆ సంగతి ముందు లాగ్‌లో పడుతుంది, తీరిక చూసుకుని అసలు పట్టికలోకి చేరుతుంది. నడుమ కరెంటు పోతే, తిరిగి లేవగానే లాగ్ చదివి పూర్తయిన లావాదేవీలను నిలబెడుతుంది, సగంలో ఆగినవాటిని రద్దు చేస్తుంది. మద్రాసు ఐఐటీలో చదివిన సి. మోహన్, ఐబీఎంలో తోటివారితో కలిసి 1992లో ప్రచురించిన ‘ఏరీస్’ పద్ధతి ఈ విద్యలో పేరుపడ్డది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా ఆ లాగ్‌ను చూసుకోవడంలో వస్తుంది.

మన దొడ్డబళ్ళాపురంలో మరమగ్గాలవాళ్ళకు నూలు అరువిచ్చే వ్యాపారి ఒకాయన నాకు తెలుసు. ఆదివారం ఆదివారం పూర్తి బ్యాకప్ తీయించేవారు. లాగ్ బ్యాకప్ మాత్రం ఎవరూ తీయలేదు. ఆయన దుకాణంలోని అమరికలో లాగ్‌ను విడిగా బ్యాకప్ తీస్తేనే అందులోని పాత భాగం ఖాళీ అవుతుంది. పూర్తి బ్యాకప్ ఎన్నిసార్లు తీసినా కాదు. అది పెరిగి పెరిగి డిస్క్ నిండి, ఒక శుక్రవారం బిల్లింగ్ ఆగిపోయింది. కంప్యూటర్ చూసే కుర్రవాడు డేటాబేస్ ఆపి, ఆ పెద్ద ఫైలును చెత్త అనుకుని తుడిచేశాడు. ఆ తరువాత డేటాబేస్ తెరుచుకోలేదు.

ఆదివారం బ్యాకప్ ఎక్కించారు. సోమవారం నుంచి జరిగినదంతా పోయింది. అమ్మకాలు బిల్లు పుస్తకాల నుంచి మళ్ళీ రాసుకున్నారు. నేతగాళ్ళు కట్టిన బాకీల సంగతే కష్టమైంది. జమ రశీదు కంప్యూటరే అచ్చు వేసి ఇచ్చేది, దుకాణంలో నకలు లేదు. బుధవారం పద్నాలుగు వేలు కట్టిన నేతగాడి పేరిట బాకీ అలాగే నిలిచింది. రశీదు ఎక్కడ పెట్టాడో అతనికి గుర్తులేదు. వాళ్ళావిడ వంటింటి క్యాలెండర్ మీద ఆ తేదీ దగ్గర అంకె వేసుకుంది కనుక బతికిపోయాడు. వ్యాపారి పెద్దమనిషి, క్యాలెండర్‌నే సాక్ష్యంగా ఒప్పుకున్నారు. అందరూ అలా ఒప్పుకుంటారా?

పావుగంటకొకసారి లాగ్ బ్యాకప్ తీసి వేరేచోట దాచి ఉంటే, ఆదివారం బ్యాకప్ మీద వాటిని వరుసగా ఎక్కించి శుక్రవారం దాకా రావచ్చు. మహా అయితే చివరి పావుగంట పోయేది. ఎంతసేపటి పని పోతే మీరు భరించగలరో అంతసేపటికొక బ్యాకప్, అంతే లెక్క.

పెద్ద కంపెనీలు దీనికి అతీతమేమీ కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశాడు. తీరా చూస్తే, రోజూ నడుస్తోందనుకున్న బ్యాకప్ చాలాకాలంగా విఫలమవుతోంది, ఎవరికీ తెలియలేదు. ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన కాపీ ఒకటి దొరికింది. ఆ ఆరు గంటలు మాత్రం పోయాయి.

అందుకే బ్యాంకుల్లో మరో ఊళ్ళో రెండో కేంద్రం పెట్టుకుని, అప్పుడప్పుడు పనంతా దాని మీదికి మార్చి పరీక్షిస్తారు. (ఆ శనివారం రాత్రుళ్ళు మా సిబ్బంది తాగే కాఫీకి లెక్కుండదు!)

మీ సంఘానికో దుకాణానికో లెక్కలు చూసే అబ్బాయిని ‘బ్యాకప్ తీస్తున్నావా?’ అని అడగకండి, తీస్తున్నాననే అంటాడు. ‘కిందటిసారి దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూసిందెప్పుడు బాబూ?’ అని అడగండి. మా వ్యాపారిగారు ఇప్పుడు నెలకోసారి పాత కంప్యూటర్‌లో బ్యాకప్ తెరిపించి, అయిదుగురి బాకీలు రశీదు నకళ్ళతో తానే సరిచూసుకుంటున్నారు.

వచ్చే సంచికలో లాకర్ల నామినేషన్ గురించి.