పరువు నష్టం దావా: తప్పు రాశారంటే చాలదు.. తెలిసే రాశారని మొదట్లోనే చూపించాలి!

15 బిలియన్ డాలర్ల దావా. 85 పేజీల ఫిర్యాదు. నాలుగే రోజుల్లో కోర్టు పక్కన పడేసింది. 2025 సెప్టెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్‌పై డొనాల్డ్ ట్రంప్ వేసిన కేసు సంగతి ఇది. ఫ్లోరిడా ఫెడరల్ జడ్జి స్టీవెన్ మెర్రీడే నిజానిజాల జోలికే వెళ్లలేదు. ఫిర్యాదు క్లుప్తంగా, సూటిగా ఉండాలన్న రూల్ 8 చూపించారు. అసలు ఆరోపణ మొదలయ్యేసరికి 80వ పేజీ వచ్చింది మరి! 28 రోజుల్లో, 40 పేజీల్లో మళ్లీ రాసుకు రమ్మన్నారు. అక్టోబర్‌లో ట్రంప్ లాయర్లు 40 పేజీలతో తిరిగొచ్చారు.

పేజీలు తగ్గించడం తేలికే. కష్టమైన గేటు ఇంకోటి ఉంది. అది అర్థం కావాలంటే ఒక మ్యాగజైన్ కేసు చూడాలి.

2010 జులైలో ద న్యూయార్కర్‌లో డేవిడ్ గ్రాన్ ఓ పెద్ద కథనం రాశారు. స్కోర్సెసీ సినిమా 'కిల్లర్స్ ఆఫ్ ద ఫ్లవర్ మూన్'కి ఆధారమైన పుస్తకం రాసింది ఈయనే. పెయింటింగ్‌లపై వేలిముద్రలు పట్టుకుని, ఫలానా చిత్రకారుడిదే అని తేల్చే పీటర్ పాల్ బిరో పనితీరుపై ఆ కథనం అనుమానాలు లేవనెత్తింది. బిరో ఆయనపైనా, పబ్లిషర్ కాండే నాస్ట్‌పైనా కేసు వేశారు.

ఈ వివాదం మేరకు బిరో పబ్లిక్ ఫిగరే అని కోర్టు తేల్చింది. అక్కడే చిక్కొచ్చింది. 1964 నాటి సల్లివన్ తీర్పుతో మొదలైన సూత్రం ప్రకారం, పబ్లిక్ ఫిగర్ గెలవాలంటే వార్త తప్పైతే సరిపోదు. తప్పని తెలిసీ, లేదా గట్టి అనుమానం ఉండీ అచ్చేశారని నిరూపించాలి.

సరే, నిరూపణ విచారణలో కదా, ఫిర్యాదులో ఎందుకు? బిరో వాదన ఇదే. మనసులో ఏముందో స్థూలంగా చెబితే చాలని రూల్ 9 అంటోంది కూడా. కానీ 2015 డిసెంబర్‌లో సెకండ్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు. స్థూలంగా అంటే ఉత్త మాటలు కాదు, నమ్మదగిన వాస్తవాలు ఫిర్యాదులోనే ఉండాలని 2009 నాటి ఇక్బాల్ తీర్పును గుర్తుచేసింది. పేరు చెప్పని సోర్సులు, పక్షపాతం ఉన్న సోర్సులు, సవరణ వేయకపోవడం.. ఇవేవీ సరిపోలేదు. కేసు పోయింది.

ఇక్కడ బాధితుడి గోడు కొట్టిపారేసేది కాదు. ఎడిటర్‌కి ఏం తెలుసో ఆయన మెయిల్స్‌లో, ఫ్యాక్ట్ చెకర్ నోట్స్‌లో ఉంటుంది. అవి చేతికొచ్చేది 'డిస్కవరీ' దశలో. ఆ దశకు వెళ్లాలంటే ముందే వాస్తవాలు కావాలి! తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం వేసినట్టుంది. అటువైపు చూస్తే, గేటు బార్లా తెరిస్తే చిన్న మ్యాగజైన్ గెలిచేలోపే లాయర్ ఫీజులకు మూతపడొచ్చు. అందుకే గేటు ఉండటం సబబే అనిపిస్తుంది, ఎత్తు మీదే పేచీ.

గేటు దాటినవాళ్లూ ఉన్నారు. రోలింగ్ స్టోన్ 2014లో వేసి, తర్వాత వెనక్కి తీసుకున్న క్యాంపస్ రేప్ కథనంలో ఆ విద్యార్థి బృందం సభ్యుల పేర్లు లేవు. అయినా ఒకరి గది కథనంలోని వర్ణనకు సరిపోయిందని ఫిర్యాదులో రాశారు. కింది కోర్టు కొట్టేసిన ఆ కేసును 2017లో ఇదే సెకండ్ సర్క్యూట్ చాలావరకు బతికించింది.

మన దగ్గర లెక్క వేరు. సివిల్ దావాలో ముఖ్యమైన వాస్తవాలు రాయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6 చెబుతుంది, సాక్ష్యాలు తర్వాత. గడువు మాత్రం ప్రచురించిన రోజు నుంచి ఏడాదే. పైగా ఇక్కడ క్రిమినల్ కేసూ పెట్టొచ్చు. అయితే చీఫ్ ఎడిటర్‌ను ఇరికించాలంటే ఆయన పాత్ర ఏంటో ఫిర్యాదులో స్పష్టంగా ఉండాలని కె.ఎం. మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది.