ఐర్లండ్ సంపద ఎవరి ఇంటికి చేరింది?

మన సంఘాల్లో ప్రార్థన మనవులు చదివేటప్పుడు ఈమధ్య ఐర్లండ్ పేరు తరచుగా వినబడుతోంది. ఫలానా వారి అమ్మాయికి డబ్లిన్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చిందని ఒక కృతజ్ఞత. నాలుగు నెలలు తిరగకముందే, అక్కడ ఉండటానికి ఇల్లు దొరకడం లేదని ఒక మనవి. 2025 వేసవి తరువాత, వీధిలో క్షేమంగా నడవగలగాలని మరో మనవి. ఈ మూడింటికీ సంబంధం ఉందని మేము అనుకుంటున్నాము. అందుకే ఈ వారం ఆ చిన్న దేశపు రాజకీయాలను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఐర్లండ్ పేద దేశం కాదు. 2022 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 51 లక్షల పైచిలుకు జనం. మన హైదరాబాద్ మహానగరంలో ఉన్నంతమంది కూడా లేరు. తలసరి ఉత్పత్తి లెక్కల్లో మాత్రం ఐరోపాలో ముందు వరుస. అయితే ఆ లెక్క వెనుక ఒక కథ ఉంది. అమెరికాకు చెందిన పెద్ద ఔషధ, కంప్యూటర్ కంపెనీలు తక్కువ పన్ను చూసుకొని తమ లాభాలను అక్కడ చూపిస్తాయి. చాలాకాలం ఆ పన్ను 12.5 శాతమే. 2024 నుంచి పెద్ద కంపెనీలకు 15 శాతం అయింది. ఆ లాభాల్లో పెద్ద భాగం ఐర్లండ్ ప్రజల చేతికి వచ్చేది కాదు. కాబట్టే అసలు పరిస్థితి తెలుసుకోవడానికి ఆ దేశపు గణాంక శాఖ వేరే కొలత తయారుచేసుకోవలసి వచ్చింది. కంపెనీలు కట్టే పన్నులో సగానికి పైగా పదంటే పది సంస్థల నుంచే వస్తోంది.

ఈ కంపెనీలు ఉద్యోగాలు తెచ్చాయన్నది నిజం. వారిని నొప్పిస్తే వెళ్లిపోతారన్న భయమూ నిజమే. కాని ఆ భయం ఎంతవరకు పోయిందో చూడండి. ఆపిల్ కంపెనీ నుంచి సుమారు 1300 కోట్ల యూరోల పాత పన్ను వసూలు చేసుకోమని 2016లో ఐరోపా కమిషన్ ఆదేశించింది. మాకా డబ్బు వద్దంటూ ఐర్లండ్ ప్రభుత్వమే కంపెనీతో కలిసి న్యాయస్థానానికి వెళ్లింది. చివరికి 2024 సెప్టెంబరు 10న ఐరోపా అత్యున్నత న్యాయస్థానం, తీసుకోవలసిందేనని తీర్పు ఇచ్చింది. అదే దేశంలో 2025 చివరినాటికి సొంత గూడు లేక ప్రభుత్వ తాత్కాలిక వసతుల్లో తలదాచుకుంటున్నవారు 16 వేలు దాటారు. వారిలో 5 వేలకు పైగా చిన్నపిల్లలు.

పనిచేసేవారి సంగతికి వద్దాము. జబ్బుపడిన రోజుకు యజమాని జీతం ఇవ్వాలన్న చట్టం ఐర్లండ్‌లో 2022 వరకు లేనే లేదు. ఆ చట్టం వచ్చాక 2023లో ఏడాదికి 3 రోజులు, 2024లో 5 రోజులు ఇచ్చారు. తరువాత 7, ఆపైన 10 చేస్తామని చెప్పారు. 2025లో ప్రభుత్వం అయిదు దగ్గరే ఆపేసింది. కనీస వేతనాన్ని 2026 నాటికి జీవన వేతనంగా మారుస్తామన్న మాటను 2029కి వాయిదా వేసింది. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకు 14.15 యూరోలు. పెరిగినమాట నిజమే, కాని డబ్లిన్ అద్దెల ముందు అది నిలిచేది కాదు. చిన్న దుకాణదారులు భారం మోయలేరన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఆ కారణాన్ని మేము కొట్టిపారేయము. అయితే భోజనశాలలకు పన్నును 13.5 నుంచి 9 శాతానికి తగ్గించడానికి బడ్జెట్‌లో డబ్బు దొరికింది. కూలివాని జబ్బు సెలవు దగ్గరకు వచ్చేసరికే చేయి బిగిసింది.

దీని మూలం ఎక్కడుందంటే, అడిగే గొంతు బలహీనంగా ఉండటంలో ఉంది. యూనియన్ పెట్టుకునే హక్కు ఐర్లండ్ రాజ్యాంగం ఇచ్చింది. కాని ఆ యూనియన్‌తో కూర్చుని మాట్లాడాలన్న బాధ్యత యజమానికి లేదు. తలుపు తట్టే హక్కు ఉంది గాని, లోపలివారు తలుపు తీయాలన్న నియమం లేదు. కనీసం 80 శాతం మంది కార్మికులకు ఉమ్మడి బేరసారాల రక్షణ లేని దేశాలు దానిని పెంచే ప్రణాళిక వేయాలని 2022లో ఐరోపా సమాఖ్య నిర్దేశించింది. ఐర్లండ్ ఆ గీతకు చాలా దిగువన ఉంది.

ఈ తగవు కొత్తది కాదు. 1913 ఆగస్టు 26న డబ్లిన్ ట్రాము కార్మికులు బండ్లను నడివీధిలో ఆపి దిగిపోయారు. వారి నాయకుడు జేమ్స్ లార్కిన్, ఆయనకు తోడు జేమ్స్ కానలీ. ట్రాము కంపెనీ అధిపతి విలియం మార్టిన్ మర్ఫీ. యూనియన్‌లో ఉండబోమని సంతకం చేయనివారిని లోపలికి రానివ్వకుండా చాలామంది యజమానులు గేట్లు మూశారు. సుమారు 20 వేల మంది కార్మికులు నెలల తరబడి వీధిన పడ్డారు. అప్పటి డబ్లిన్‌లో దాదాపు 20 వేల కుటుంబాలు ఒక్కొక్క గదిలో కాపురం ఉండేవి. సమ్మె మొదలైన వారానికే, సెప్టెంబరు 2న, చర్చి స్ట్రీట్‌లో అలాంటి రెండు ఇళ్లు కూలి ఏడుగురు చనిపోయారు.

అప్పుడు సంఘం ఏమి చేసింది? ఆకలితో ఉన్న కార్మికుల బిడ్డలను కొంతకాలం ఇంగ్లండ్ కార్మికుల ఇళ్లలో ఉంచి పోషించాలని కొందరు స్త్రీలు తలపెట్టారు. అక్కడ పిల్లలు తమ విశ్వాసం పోగొట్టుకుంటారని డబ్లిన్ ఆర్చిబిషప్ విలియం వాల్ష్ అడ్డుచెప్పారు. కొందరు గురువులు, విశ్వాసులు రేవు దగ్గర నిలబడి పిల్లలను ఓడ ఎక్కనివ్వలేదు. రోమన్ కథోలిక సంఘాన్ని నిందించడానికి ఇది చెప్పడం లేదు. ఆ సంఘపు పెద్ద అయిన పోప్ 13వ లియో 1891లోనే, సంఘాలుగా కూడే హక్కు, న్యాయమైన కూలి కార్మికులకు ఉన్నాయని రాసి పంపారు. 2025 మేలో ఎన్నికైన పోప్ 14వ లియో ఆ పేరు ఎంచుకోవడానికి ఆ లేఖనే కారణంగా చెప్పారు. సిద్ధాంతం చేతిలో ఉండికూడా అవసరమైన రోజున అది గుర్తుకు రాకపోవడం ఏ సంఘానికైనా జరగగలదు. కోత కోసినవారి బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు రాసిన పత్రికను మనమూ చదువుతూనే ఉన్నాము.

ఆ 1913లోనే మన తెలుగు యువకుడొకరు న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్‌లో దిగారు. ఆయన బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి. 1916 ఈస్టరు తిరుగుబాటు అణచివేతలో, గాయపడి నిలబడలేని జేమ్స్ కానలీని కుర్చీకి కట్టి కాల్చి చంపారు. ఐర్లండ్ ఉద్యమకారులతో స్నేహం చేసిన గిరిగారు ఆ ఏడాదే ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. తిరిగివచ్చి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టారు. కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక, బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో పదవి వదులుకున్నారు. తరువాత రాష్ట్రపతి అయ్యారు. డబ్లిన్‌లో చూసినది ఆయన మరచిపోలేదు.

ఐర్లండ్ రాజకీయాలే దానిని చాలాకాలం మరచిపోయాయి. 1918 ఎన్నికల్లో దేశ స్వాతంత్ర్యం ముందన్న భావంతో లేబర్ పార్టీ పోటీ నుంచి తప్పుకుంది. తరువాత అంతర్యుద్ధంలో చీలిన రెండు పక్షాల వారసులు, ఫియానా ఫాయిల్, ఫినా గేల్ పార్టీలు, శతాబ్దం పాటు వంతులవారీగా పాలించాయి. 2024 నవంబరు ఎన్నికల తరువాత ఆ రెండూ స్వతంత్రుల తోడుతో కలిసే పాలిస్తున్నాయి. కూలి, అద్దె, ఆసుపత్రి అన్న మాటలు ఎప్పుడూ పక్క వరుసలోనే కూర్చున్నాయి.

2025 అక్టోబరు అధ్యక్ష ఎన్నిక ఈ పరిస్థితిని కొంత కదిలించింది. షిన్ ఫేన్, లేబర్, సోషల్ డెమోక్రాట్లు, పీపుల్ బిఫోర్ ప్రాఫిట్, గ్రీన్ పార్టీ కలిసి బలపరచిన స్వతంత్ర అభ్యర్థి కేథరిన్ కానలీ 63 శాతం ఓట్లతో గెలిచారు. వేర్వేరుగా నడిచే వామపక్షాలు ఒక్కటైతే ఏమి జరుగుతుందో కనబడింది. అయితే అధ్యక్ష పదవికి పాలనాధికారం లేదు. ఓటు వేసినది 46 శాతం లోపే. వేసినవారిలో 2 లక్షల 13 వేలకు పైగా చెల్లని ఓట్లు, వాటిలో చాలా వరకు కావాలని చెడగొట్టినవే. గెలిచిన పక్షం ఆ కోపాన్ని కూడా వినకపోతే దానిని వేరేవారు వాడుకుంటారు.

ఇప్పటికే వాడుకుంటున్నారు. ఇల్లు దొరకని యువకునికి, నీ ఇల్లు వలస వచ్చినవారు పట్టుకుపోయారని చెప్పేవారు డబ్లిన్ వీధుల్లో ఉన్నారు. 2025 జూలైలో టాలా ప్రాంతంలో ఒక భారతీయుణ్ణి కొట్టి, బట్టలు ఊడదీశారు. ఆ వెనుక మరికొన్ని దాడులు జరిగాయి. జాగ్రత్తగా ఉండమని ఆగస్టు 1న మన రాయబార కార్యాలయం హెచ్చరించింది. ఇళ్లు కట్టకుండా ఏళ్లు గడిపింది ప్రభుత్వాలు, దెబ్బలు తిన్నది రాత్రి డ్యూటీ ముగించుకొని నడిచివెళ్లే మనుషులు. అయితే టాలా వాసులు వందలాదిగా వీధిలోకి వచ్చి భారతీయులకు తోడుగా నిలిచారన్నది కూడా చెప్పాలి. నర్సుల యూనియన్ ఈ దాడులను ఖండించింది. తెల్లవారైనా, మనవారైనా ఆ యూనియన్‌లో ఒకే కార్డు. మన పిల్లలకు అక్కడ నిజమైన రక్షణ ఇలాంటి చోటే ఉందని మా నమ్మకం. వెళ్లేవారికి సూట్‌కేసులో పచ్చడి సీసాతో పాటు, చేరగానే యూనియన్‌లో సభ్యత్వం తీసుకోమన్న మాట కూడా పెట్టి పంపండి.

చివరిగా మన ఇంటి సంగతి. ఈ అమ్మాయిలు అంతదూరం ఎందుకు వెళుతున్నారు? వారిలో కొందరు మన మిషన్ ఆసుపత్రులలో శిక్షణ పొంది, అక్కడే పనిచేసి, ఆ జీతంతో ఇల్లు గడవక వెళ్లినవారే. మన పాఠశాలల్లో టీచర్లు, ఆయాలు, చర్చి ఊడ్చే తల్లి, గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన, వీరందరికీ యజమాని సంఘమే. జీతం పెంచమని అడిగినప్పుడు, ఇది పరిచర్య కదమ్మా అని మనం జవాబిచ్చిన రోజులు లేవా? మేమూ కమిటీల్లో కూర్చున్నవారమే. ఆ జవాబు విని తల ఊపినవారమే.

1913లో డబ్లిన్ రేవున నిలబడినవారు తాము దేవుని పక్షాన ఉన్నామనే అనుకున్నారు. రాబోయే సంఘ కమిటీ సమావేశంలో లెక్కల పుస్తకం తెరిచినప్పుడు, కొత్త గోపురానికి ఎంత కేటాయించామో చదివే ముందు, మన దగ్గర పనిచేసేవారి జీతాల పేజీ ఒకసారి పైకి చదవమని పెద్దలను కోరండి. జబ్బుపడితే వారికి ఎన్ని రోజుల జీతం ఇస్తున్నామో కూడా అడగండి.