ఒకే నామము – అనేక నాలుకలు



“హెబ్రీలో ఉన్నట్టు ‘యేషూవ’ అని పిలిస్తేనే ప్రార్థన ఆలకింపబడుతుందట, నిజమేనా?” అని అడుగువారున్నారు. ఇంతకాలము ‘యేసయ్యా’ అని మొఱ్ఱపెట్టిన తల్లులు ఇట్టి మాటలకు కలవరపడకూడదని ఈ నెల ఈ సంగతి వ్రాయుచున్నాము.

మొదట క్రొత్త నిబంధననే చూడండి. అది మనకు గ్రీకు భాషలో వచ్చినది. గ్రీకులో ‘ష’ ధ్వని లేదు. పురుషుల పేర్ల చివర ‘స్’ చేర్చుట వారి వాడుక. అందుచేత అపొస్తలులు ‘యేసూస్’ అని వ్రాసిరి. హెబ్రీయులకు 4:8లోని యెహోషువకు కూడ గ్రీకులో ఇదే పేరు. అపొస్తలులే వేరుగా వ్రాయగా మనమేల భయపడవలెను?

సువార్త ఐరోపాలో వ్యాపించినప్పుడు ఒక్కొక్క జనము తన నోటికి తగినట్లు ఆ నామమును పలికెను. లాటినులో ‘యేసుస్’, ఐర్లండులో ‘ఈసు’, స్లావు జనులలో ‘ఇసుస్’.

ఇంగ్లండువారి సంగతి ఇంకను విశేషము. సుమారు 1000 సంవత్సరముల క్రిందటి పాత ఇంగ్లీషు సువార్తలలో యేసు అను పేరున్నచోట ‘హేలెండ్’ అని ఉన్నది. స్వస్థపరచువాడు, రక్షకుడు అని దాని భావము. 9వ శతాబ్దములో ఉత్తర జర్మనీలోని సాక్సనులు కూడ ఆయనను ‘హేలియండ్’ అనిరి. మత్తయి 1:21లో దూత యోసేపునకు తెలిపిన అర్థమునే వారు పేరుగా పిలుచుకొనిరి.

కొన్ని గుడులలో ప్రభువు బల్లమీది వస్త్రముపై ‘ఐ.హెచ్.ఎస్.’ అను అక్షరములు చూచియుందురు. అవి గ్రీకులో యేసు నామపు మొదటి మూడు అక్షరములనుండి వచ్చినవి. గ్రీకు ‘ఏ’ అక్షరము చూపునకు ఇంగ్లీషు ‘హెచ్’ వలె నుండును. అందువలన మధ్యయుగపు లేఖకులు ఆ పేరులో ‘హెచ్’ కూడ వ్రాసిరి. 14వ శతాబ్దపు విక్లిఫ్ బైబిలులోను అట్లే ఉన్నది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులోనైతే ఆ పేరు ‘జె’తో గాక ‘ఐ’తో అచ్చయినది.

అక్షరము కొరకు పోరాడినవారును ఉన్నారు. 1650ల నుండి రష్యాలో సంఘాధిపతి నికోన్ ‘ఇసుస్’ అను వ్రాతను గ్రీకును బట్టి ‘ఈసుస్’ అని దిద్దించెను. సిలువ గుర్తు వేయు విధానము మొదలైనవి కూడ మార్పించెను. సంఘము చీలిపోయెను. పాత పద్ధతి విడువనివారు హింసింపబడిరి. ఇరువురును వేడుకొన్న ప్రభువు మాత్రము ఒక్కడే.

ప్రియులారా, వచ్చీరాని మాటలతో పిలిచిన బిడ్డను కన్నతండ్రి త్రోసివేయునా? ‘ప్రభువా, ప్రభువా’ అని సరిగా పలికినవారందరు గాక, తండ్రి చిత్తము చేయువారే పరలోకరాజ్యములో ప్రవేశింతురని ఆయనే బోధించెను (మత్తయి 7:21). కావున ధైర్యముగా ‘యేసయ్యా’ అని పిలువండి. ఆ నామమునకు తగినట్లు నడువండి.