ఏ బ్రౌజరు మేలు?

పిల్లలూ! ముదినేపల్లి చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద నీరు తోడే ఇంజన్లను మీరు చూసే ఉంటారు. ఒకదానికి ఆకుపచ్చ రంగు, ఇంకొకదానికి ఎర్ర రంగు. కాని రంగు చూసి ఏ రైతూ ఇంజను కొనడు. గంటలో ఎంత నీరు తోడుతుంది, ఎంత చమురు తాగుతుంది అని అడుగుతాడు. బ్రౌజరును ఎంచుకోవటం కూడా ఇటువంటిదే.

ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరు నుంచి పేజీని తెప్పించి మన తెర మీద పరిచేదే బ్రౌజరు. మొట్టమొదటి బ్రౌజరును 1990లో టిమ్ బెర్నర్స్ లీ అనే ఆయన సెర్న్ పరిశోధనశాలలో తయారు చేశాడు. తరవాత చాలా వచ్చాయి, కొన్ని పోయాయి కూడాను. ఒకప్పుడు లోకాన్ని ఏలిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు 2022 జూన్‌లో మైక్రోసాఫ్టు వారు సెలవు చెప్పేశారు.

కొత్తగా వచ్చిన వాటిలో ‘ఉలా’ ఒకటి. మన పొరుగు రాష్ట్రంలోని జోహో కంపెనీ దీన్ని 2023లో విడుదల చేసింది. ఉలా అంటే అరవంలో విహారం. (మనవాళ్ళు కొందరు బ్రౌజరును ‘విహారిణి’ అంటారు. రెండు భాషలకూ ఒకే ఊహ తట్టింది, చూశారా!) స్వదేశీ బ్రౌజరు కోసం భారత ప్రభుత్వం పెట్టిన పోటీలో 2025 మార్చిలో జోహోకు మొదటి బహుమతి, కోటి రూపాయలు, వచ్చింది. పిల్లలకని ఇందులో ఒక ప్రత్యేకమైన ఏర్పాటు కూడా ఉన్నది.

అయితే మూత తీసి చూస్తే ఉలాలో ఉన్నది క్రోము ఇంజనే! దాని పేరు బ్లింక్. ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్‌లలో ఉన్నదీ అదే. ఇందులో దొంగతనమేమీ లేదు. ఆ ఇంజను ఎవరైనా వాడుకోవచ్చునని గూగుల్ వారే బయట పెట్టారు. ఫైర్‌ఫాక్సు ఇంజను వేరు, దాన్ని గెకో అంటారు. ఆపిల్ వారి సఫారీలో ఉన్నది వెబ్‌కిట్. అందుచేత క్రోముకూ ఉలాకూ వేగంలో పెద్ద తేడా కనబడకపోతే ఆశ్చర్యపోకండి. మన వెంటపడే ప్రకటనల గూఢచారులను ఏది ఎంతగా ఆపుతుందో అక్కడ చూడాలి.

ఇక పరీక్ష. ఒక బ్రౌజరును ఊళ్ళో రోడ్డు పక్కనా, ఇంకొకదాన్ని చెరువు గట్టు మీదా పరీక్షిస్తే అది పోటీ కాదు, అన్యాయం. అదే ఫోను, అదే చోటు, అదే పేజీ ఉండాలి. ఇంకో చిక్కున్నది. ఒకసారి చూసిన పేజీలోని బొమ్మలను బ్రౌజరు తన దగ్గర దాచుకుంటుంది. రెండోసారి అడిగితే ఇంట్లోంచే తీసి చూపిస్తుంది. కాబట్టి మొదటిసారి తెరిచిన బ్రౌజరునూ రెండోసారి తెరిచిన బ్రౌజరునూ పోల్చరాదు. రెంటినీ ప్రైవేటు కిటికీలో తెరిచి, వంతులు మార్చి, మూడేసి సార్లు గడియారం పెట్టి చూడండి.

ఈ ప్రైవేటు కిటికీని తెలుగు క్రోములో ‘అజ్ఞాత’ అంటారు. ఆ మాటలోని ‘జ్ఞా’ ఒకప్పుడు ఐఫోన్లనే కూలగొట్టింది! 2018 ఫిబ్రవరిలో సంగతి. జ్ఞా మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు చేరితే, దాన్ని తెర మీద పేర్చలేక ఆ యాప్ కాస్తా మూతపడేది. బ్రౌజరు మార్చినా లాభం లేదు. ఎందుకంటే ఆ రోజుల్లో ఐఫోనులో ఏ బ్రౌజరైనా వెబ్‌కిట్‌తోనే నడవాలి. పైగా లోపం ఉన్నది ఫోనులోని అక్షరాలు పేర్చే భాగంలో. ఆపిల్ వారు ఫిబ్రవరి 19న దాన్ని సరిచేశారు.

అంతకు ముందు మన భాషకు ఇంకా పెద్ద చిక్కే ఉండేది. తెలుగు పత్రికలు ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత ఫాంటు వాడేవి. ఎక్స్‌ప్లోరరులో చక్కగా కనిపించే పేజీ ఫైర్‌ఫాక్సులో పిచ్చిగీతలుగా కనిపించేది. అప్పుడు నాగార్జున వెన్న అనే ఆయన ‘పద్మ’ అనే చిన్న పనిముట్టును తయారు చేశాడు. దాన్ని ఫైర్‌ఫాక్సుకు తగిలిస్తే ఆ గీతలన్నీ అందరికీ పనికొచ్చే యూనికోడు తెలుగుగా మారిపోయేవి. అప్పట్లో తెలుగువాడికి బ్రౌజరు ఎంపిక అంటే చదవగలగటమా, లేకపోవటమా అన్న ప్రశ్న. ఇప్పుడా బాధ లేదు. క్రోమూ ఫైర్‌ఫాక్సూ ఇంజన్లు వేరైనా, అక్షరాలు పేర్చటానికి రెండూ హార్ఫ్‌బజ్ అనే ఒకే పనిముట్టును వాడతాయి.

అయినా మీ బడి కంప్యూటరులో ఒకటి చేసి చూడండి. ‘లక్ష్మి’ అని రాయండి. మనకు అవి రెండే అక్షరాలు. కంప్యూటరుకు ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, మళ్ళీ పొల్లు, మ, గుడి. ఇప్పుడు బ్యాక్‌స్పేసు ఒక్కసారి నొక్కండి. గుడి ఒక్కటే పోయిందా, ‘క్ష్మి’ మొత్తం ఎగిరిపోయిందా? రెండు బ్రౌజర్లలోనూ నొక్కి, ఏడు సంకేతాలూ పోవటానికి దేనిలో ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్క రాసుకోండి.