కష్టాలు కట్టగట్టుకుని వస్తే ఊరి సంఘం ఏం చేయగలదు?

చిన్న రైతు ఇంట్లో కష్టం ఒక్కటిగా రాదు. కౌలుకు చేసిన రెండెకరాల వరి తుపానుకు పడిపోతుంది. మదుపు కోసం వడ్డీకి తెచ్చిన అప్పు అలాగే ఉండిపోతుంది. అదే ఏడాది ఇంట్లో ఒకరికి కిడ్నీ జబ్బు బయటపడుతుంది. కొడుకు చదువు మానేసి హైదరాబాదుకో చెన్నైకో పనికి పోతాడు. ఎచ్చెర్ల, లావేరు, రణస్థలం మండలాల్లో మీరు ఏ ఊళ్లో ఉన్నా ఇలాంటి ఇల్లు ఒకటైనా మీ ఎరుకలో ఉంటుంది. అది మీ ఇల్లే కావచ్చు.

ఇలాంటి ఇంటికి ప్రభుత్వ సాయం లేదా అంటే, ఉంది. కాకపోతే అది ముక్కలు ముక్కలుగా ఉంది. ఆ ముక్కలను కలిపి ఒక ఇంటికి చేర్చే పనిని ఏ ఆఫీసూ చేయడం లేదు. ఆ పని ఊరి సంఘమే చేయగలదు.

ఒక్క ఇల్లు, నాలుగు గుమ్మాలు

పంట నష్టం రాయించుకోవాలంటే ముందు రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదు ఉండాలి. పింఛను కోసం గ్రామ సచివాలయానికి వెళ్లాలి. డయాలసిస్ ఆసుపత్రిలో, అప్పు బ్యాంకులో. వ్యవసాయ సహాయకుడికి మీ ఇంట్లో జబ్బు సంగతి తెలియదు. డాక్టరుకు మీ అప్పు సంగతి తెలియదు. ఒక్కో గుమ్మం ఎక్కడానికి ఒక్కో రోజు కూలి పోతుంది. డయాలసిస్‌కు వారంలో రెండు మూడుసార్లు వెళ్లాలి, వెంట ఇంకొకరు ఉండాలి. ఇక ఆ ఇంట్లో ఆఫీసుల చుట్టూ తిరిగేది ఎవరు?

డయాలసిస్ చేయించుకునే వారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ఉద్దానంలో కనిపించే కారణం తెలియని కిడ్నీ జబ్బు ఉన్నవారిలో అర్హులకూ ఇదే మొత్తం. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అయితే డబ్బు మంజూరైనంత మాత్రాన పొలం పని, పశువుల మేత, పిల్లల బడి వాటంతట అవి జరగవు. ఆ లోటు చూడగలిగేది పక్కింటివాళ్లే.

కౌలు కార్డు సంగతీ ఇంతే. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు 11 నెలలు చెల్లుతుంది. దానివల్ల భూమి యజమాని హక్కుకు ఏ ఇబ్బందీ ఉండదు. అయినా యజమాని సంతకం లేనిదే కార్డు రాదు. ‘రేపు పొలం నాదంటాడేమో’ అన్న భయంతో చాలామంది సంతకం పెట్టరు. కౌలు రైతు ఒక్కడే అడిగితే ‘చూద్దాంలే’ అన్న మాటే వస్తుంది. ఊరి పెద్దలు, సంఘం వాళ్లు, రైతు సేవా కేంద్రం సిబ్బంది కలిసి చట్టంలో ఏముందో చెప్పి అడిగితే యజమాని భయం తగ్గే వీలుంటుంది.

మన జిల్లాలో ఒకసారి జరిగిన పని

ఇది మనకు కొత్త కాదు. 2000లో ‘వెలుగు’ మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. ఊళ్లోని డ్వాక్రా సంఘాలు కలిసి గ్రామ సంఘం, గ్రామ సంఘాలు కలిసి మండల సమాఖ్య అయ్యాయి. అప్పట్లో ఆ సంఘాల పని పొదుపు, అప్పులతో ఆగలేదు. పని దొరకని రోజుల కోసం బియ్యం ఒకేసారి కొని సభ్యులకు వాయిదాల మీద ఇచ్చారు. వికలాంగుల సంఘాలు పెట్టారు.

ఇప్పుడు చాలా ఊళ్లలో సంఘం సమావేశం అంటే వాయిదా డబ్బు లెక్కే. ఒక సభ్యురాలు వాయిదా కట్టలేకపోతే గ్రూపు మొత్తానికి ఇబ్బంది. అందుకని మిగతావారు గట్టిగా అడుగుతారు. ఆమె సిగ్గుతో సమావేశానికి రావడం మానేస్తుంది. ఏ ఇంటికి సంఘం ఎక్కువ అవసరమో ఆ ఇల్లే ముందుగా సంఘానికి దూరమవుతుంది. గ్రూపు ఒత్తిడి ఎంత దూరం పోగలదో మైక్రోఫైనాన్స్ సంస్థల విషయంలో చూశాం. వసూళ్ల వేధింపులు పెరిగి 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది.

ఇంకొక లోటు మగవాళ్లది. ఆడవాళ్లకు సంఘమైనా ఉంది. అప్పు చేసిన మగ రైతుకు తన బాధ చెప్పుకునే చోటు లేదు. 2022లో దేశంలో సాగు మీద బతికేవారు 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. వారిలో 5,207 మంది రైతులు, 6,083 మంది వ్యవసాయ కూలీలు. ఆంధ్రప్రదేశ్‌లో 917 మంది.

వేరే చోట్ల చేసి చూసినవి

ఆఫ్రికాలోని జింబాబ్వేలో మానసిక వైద్యులు చాలా తక్కువ. 2006లో అక్కడ 14 మంది నాయనమ్మల వయసు ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి ఆరోగ్య కేంద్రం బయట బల్లల మీద కూర్చోబెట్టారు. వచ్చినవారి మాట వినడం, ఉన్న చిక్కుల్లో ముందు ఒకదాన్ని పట్టుకుని దారి వెతకడం, ఇదే వారి పని. దీనివల్ల దిగులు తగ్గిందని తర్వాత 2016లో వచ్చిన అధ్యయనం తేల్చింది. తమిళనాడులో కొన్ని ఊళ్లలో పురుగుమందులను ఇళ్లలో కాకుండా ఊరందరికీ కలిపి తాళం పెట్టెల్లో ఉంచి చూశారు. ఈ రెంటికీ పెద్ద ఖర్చు లేదు. మన ఊళ్లలోనూ చేయవచ్చు.

మీ ఊళ్లో ఇలా మొదలుపెట్టండి

1. గ్రామ సంఘం సమావేశంలో వాయిదాల లెక్క ముందు పది నిమిషాలు కేటాయించండి. ఈ నెల ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు అని అడగండి. ఇద్దరు ఆ ఇంటికి వెళ్లాలి. ఆ రోజు డబ్బు మాట ఎత్తకూడదు.

2. కష్టంలో ఉన్న ఇంటికి ఒక కాగితం రాయండి. ఈ-పంట, కౌలు కార్డు, పింఛను, ఎన్టీఆర్ వైద్య సేవ, బ్యాంకు అప్పు, ప్రైవేటు అప్పు, పిల్లల చదువు. ఏది అందింది, ఏది ఆగింది, ఎక్కడ ఆగింది అని గుర్తు పెట్టండి. ఆఫీసు పనికి వెళ్లే బాధ్యత ఒక్కరికి అప్పగించండి. ఇంటి సంగతులు బయట చెప్పని మనిషిని ఎంచుకోండి.

3. ఉభాలు, కోతల రోజుల్లో ఆసుపత్రికి తిరిగే ఇంటికి ఒక్కో ఇంటి నుంచి ఒక్కో రోజు చేతిసాయం వంతు వేసుకోండి.

4. నలుగురు నుంచి పది మంది కౌలు రైతులు కలిస్తే జాయింట్ లయబిలిటీ గ్రూపుగా బ్యాంకులో పంట అప్పు అడగవచ్చు. భూమి తనఖా అక్కర్లేదు.

5. పురుగుమందు, కలుపుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి. వీలైతే నలుగురైదుగురు రైతులు కలిసి కల్లం దగ్గర తాళం పెట్టె పెట్టుకోండి. తాళం చెవి ఇద్దరి దగ్గర ఉండాలి.

6. మనిషి మాట తగ్గినా, నిద్ర పోయినా, ‘నేను లేకపోతే మీకే మంచిది’ అన్నా తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేయండి. ఇది టెలీ మానస్. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అప్పులవాళ్ల వేధింపులుంటే ఉచిత న్యాయ సాయానికి 15100 ఉంది.

సంఘం అన్నీ చేయలేదు. జబ్బుకు డాక్టరే కావాలి, పరిహారం ప్రభుత్వమే ఇవ్వాలి. ఆ బాధ్యత ఊరి మీదకు నెట్టడానికి ఎవరికీ వీలివ్వకండి. కానీ ఆగిన దరఖాస్తును ఒక్క మనిషి అడగడం వేరు, గ్రామ సంఘం తీర్మానం రాసి అడగడం వేరు. వచ్చే సమావేశానికి మొదటి పేరుగా, రెండు నెలలుగా రాని ఆ ఇంటి పేరు రాసుకోండి.