తామర కానిదానిని తామర అనవద్దు

నిఘంటువులు తిరగవేయడం నాకు ఒకప్పుడు వృత్తి, ఇప్పుడు వ్యసనం. ఒక మాటకు రెండర్థాలుండడం భాషకు సంపద అని ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు బోధించినవాణ్ణి. "తామర" అన్న మాటనే శ్లేషకు ఉదాహరణగా ఎన్నోసార్లు చెప్పాను. కొలనులో ఉంటే పద్మం, ఒంటిమీద ఉంటే రోగం అనగానే తరగతి అంతా గొల్లున నవ్వేది. ఆ నవ్వు నాకు అప్పట్లో తృప్తినిచ్చేది. ఈనాడు ఆ మాటమీదనే ఫిర్యాదు చేయడానికి పూనుకొన్నాను.

మన వాడుకలో తామరకు మూడవ అర్థం ఒకటి వచ్చి చేరింది. పత్రికల ఆరోగ్యపుటలు చూడండి. ఎగ్జిమా అని శీర్షిక పెట్టి, పక్కనే కుండలీకరణాల్లో తామర అని వ్రాస్తారు. మరొకనాడు శిలీంధ్రం వల్ల వచ్చే గుండ్రని మచ్చను గూర్చి వ్రాసి, దానికీ తామర అనే పేరు పెడతారు. ఈ రెండూ వేర్వేరు వ్యాధులు. ఒకటి అంటుకొనేది, రెండవది అంటుకోనిది. ఒకదానికి మేలుచేసే మందు రెండవదానికి ఎరువు. పేరు మాత్రం ఒక్కటే. వైద్యంలో ఇంతకంటె ప్రమాదకరమైన శ్లేష మరొకటి ఉంటుందా?

అసలు తామరను గుర్తించడం అంత కష్టం కాదు. అది గుండ్రంగా మొదలై అంచులవైపు వ్యాపిస్తుంది. అంచు ఉబ్బెత్తుగా, పొలుసులతో ఉంటుంది. నడిభాగం కొంత తేటపడుతుంది. గజ్జల్లో, నడుముచుట్టూ, చెమటపట్టే చోట్ల ఎక్కువ. ఇంట్లో ఒకరికి వస్తే తువాళ్ళ ద్వారా, బట్టల ద్వారా తక్కినవారికీ రావచ్చు. ఆ పొలుసును కాస్త గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే శిలీంధ్రపు పోగులు కనిపిస్తాయి.

ఎగ్జిమా తీరు వేరు. ఆ మాట "ఉడికి పొంగడం" అనే అర్థంగల గ్రీకు ధాతువునుండి వచ్చింది. తీవ్రదశలో చర్మం నిజంగా అలాగే పొక్కి, రసి కారుతుంది. పిల్లల్లో సాధారణంగా కనిపించే రకానికి అటోపిక్ డెర్మటైటిస్ అని 1933లో పేరుపెట్టారు. పసివాళ్ళకు బుగ్గలమీద, కొంచెం పెద్దయినాక మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనుక, తరచు రెండు వైపులా వస్తుంది. వంశంలో ఉబ్బసమో, తుమ్ములతో కూడిన ఎడతెగని జలుబో ఉండడం కద్దు. మూలం చర్మంలోని లోపం, రోగనిరోధక శక్తి అతిగా స్పందించడం. ఫిలాగ్రిన్ అనే ప్రోటీనుకు సంబంధించిన జన్యువులోని లోపాలకూ ఈ వ్యాధికీ ఉన్న సంబంధం 2006లో బయటపడింది. రోగులందరిలోనూ ఆ లోపం ఉండదు గాని, విషయం అర్థం కావడానికి అది చాలు. ఇటుకల మధ్య సున్నం రాలిపోయిన గోడలాంటిది ఈ చర్మం. లోపలి తేమ బయటికి పోతుంది, బయటి చికాకు లోపలికి వస్తుంది. ఇందులో ఒకరినుండి ఒకరికి అంటుకొనేది ఏమీ లేదు.

గజ్జి మూడవది. అది చర్మంలో తొలిచే అతిసూక్ష్మమైన పురుగు వల్ల వస్తుంది. వేళ్ళ సందుల్లో, రాత్రివేళ, ఇంటిల్లిపాదికీ దురద పెడితే దానిని అనుమానించాలి. ఇంట్లో అందరూ ఒకేసారి మందు పూసుకొంటే గాని అది పోదు.

ఇప్పుడు మందులదుకాణం దగ్గరకు పోదాం. తల్లి పిల్లవాడి మోచేయి చూపకుండానే "తామరకు మందివ్వండి" అంటుంది. దుకాణంలోనివాడు ఒక గొట్టం తీసి ఇస్తాడు. అందులో శిలీంధ్రాన్ని చంపే మందు, సూక్ష్మజీవులను చంపే మందు, వాటితోబాటు క్లోబెటాసాల్ వంటి మహాబలవత్తరమైన స్టెరాయిడ్ కలిసి ఉంటాయి. ఏ రోగమైనా ఏదో ఒకటి తగులుతుందిలే అన్న లెక్క అది! ఉన్నది నిజంగా తామరే అయితే స్టెరాయిడ్ దురదను తక్షణం అణచుతుంది, కాని శిలీంధ్రానికి ఎదురు లేకుండా చేస్తుంది. గుండ్రని అంచు మాసిపోయి, రోగం ఆనవాలు దొరకకుండా పాకుతుంది. ఉన్నది ఎగ్జిమా అయితే అవసరంలేని మందులు రెండు మూడు, అవసరానికి మించిన బలంగల స్టెరాయిడ్ ఒకటి పసివాడి చర్మానికి పడుతున్నాయి. వారాల తరబడి పూస్తే చర్మం పలుచబడుతుంది, చారలు పడతాయి, నెత్తురునాళాలు పైకి కనిపిస్తాయి.

ఇది నా ఊహ కాదు. మొండికెక్కిన తామర నేడు మనదేశమంతటా చర్మవైద్యులకు పెద్ద తలనొప్పి. సాధారణ మందుకు లొంగని ఒక శిలీంధ్రానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరుపెట్టారు. ఆ పేరులో మనదేశం పేరు ఇమిడి ఉన్నందుకు గర్వించవలసింది ఏమీ లేదు. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్యమంత్రిత్వశాఖ పూతగా వాడే 14 స్టెరాయిడ్లను వైద్యుని చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. కాగితంమీద నియమం ఉన్నది. చీటీ అడిగే దుకాణం మీ వీధిలో ఉన్నదేమో మీరే చూడండి.

నా పూర్వులను తలచుకొంటే నాకు మరింత సిగ్గు వేస్తుంది. చరకసంహిత కుష్ఠాలను పద్దెనిమిదిగా విభజించింది. వాటిలో ఏడు మహాకుష్ఠాలు, పదకొండు క్షుద్రకుష్ఠాలు. ఆ పదకొండింటిలో దద్రువు ఒకటి, విచర్చిక మరొకటి, పామ వేరొకటి. నేటివారు దద్రువును తామరతోను, విచర్చికను ఎగ్జిమాతోను పోలుస్తారు. సూక్ష్మదర్శిని లేని కాలంలో కేవలం కంటితో చూసి వేర్వేరుగా పేర్లు పెట్టిన జాతి మనది. అచ్చుయంత్రం, అంతర్జాలం వచ్చినాక మనం వాటిని కలిపివేశాం. అయితే ఒక్క మాట దాచకూడదు. వీటినన్నిటినీ కుష్ఠం అనే ఒక్క గొడుగు కింద ఉంచడంవల్ల చర్మరోగం అంటేనే దూరం జరిగే బుద్ధి కూడ మనకు సంక్రమించింది. ఆ బుద్ధి నాకూ ఉండేది.

1990ల తొలినాళ్ళలో ఏడవ తరగతిలో ఒక అమ్మాయి నా పాఠం జరుగుతుండగా మోచేతి మడతలు గోక్కొనేది. రసి కారి లంగా మీద మరకలు పడేవి. ఒకనాడు పద్యం ఆపి, "తామర అమ్మా అది, అందరికీ అంటుకుంటుంది" అని తరగతి ఎదుటనే అని, ఆ పిల్లను చివరి బల్లకు పంపాను. మరునాడు తల్లి వచ్చింది. "మాస్టారూ, పుట్టిన ఏడాదినుంచీ ఉన్నదండీ. రోజూ నా పక్కలోనే పడుకుంటుంది. నాకెప్పుడూ అంటలేదండీ" అన్నది. నేను "అయినా జాగ్రత్త మంచిదమ్మా" అన్నాను. ఆ తల్లి దగ్గర పన్నెండేళ్ళ ప్రత్యక్షప్రమాణం ఉన్నది. నా దగ్గర ఒక్క మాట ఉన్నది, అదీ తప్పుమాట. తర్కశాస్త్రం కొంత చదువుకొన్న నేను ప్రత్యక్షాన్ని తోసివేసి శబ్దాన్ని నమ్మాను. సంవత్సరాంతం వరకు ఆ అమ్మాయి చివరి బల్లమీదనే కూర్చున్నది. చాలాకాలానికి నా మనుమడికి అవే మడతల్లో అదే రోగం వచ్చినప్పుడు చర్మవైద్యురాలు నాకు చెప్పిన మొదటి మాట "ఇది అంటదండీ" అని. ఆ మాట నేను అంతకుముందే విని ఉన్నాను.

ఆ వైద్యురాలు నేర్పిన పద్ధతి చెబుతాను. రోజూ గోరువెచ్చని నీటితో పది నిమిషాలకు మించని స్నానం. ఘాటైన సబ్బు పనికిరాదు. ఒళ్ళు రుద్దకుండా మెత్తని బట్టతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే తేమను నిలిపే లేపనం పుష్కలంగా పూయాలి. ఖరీదైనదే కానక్కరలేదు. చలికాలంలో పెట్రోలియం జెల్లీ చాలు. ఉక్కపోసే రోజుల్లో అది జిడ్డయితే పలుచని క్రీము మేలు. దురద లేనిరోజున కూడ పూయాలి. ఇదే అసలైన వైద్యం, మనవాళ్ళు మొదట మానివేసేదీ ఇదే. రోగం రేగినప్పుడు వైద్యుడు చెప్పిన బలంగల స్టెరాయిడ్‌ను, చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు పూయాలి. పెద్దవారి చూపుడువేలి కొసనుండి మొదటి కణుపుగీత వరకు గొట్టంనుండి పిండిన మందు సుమారు అరగ్రాము. అది పెద్దవారి రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. ముఖానికి, మడతలకు తేలికరకం వాడతారు, లేదా టాక్రోలిమస్ వంటి స్టెరాయిడ్ కాని లేపనం ఇస్తారు. ముదిరినవారికి డూపిలుమాబ్ వంటి సూదిమందులు కూడ వచ్చాయి. అమెరికాలో దానికి 2017లో అనుమతి లభించింది. సూదితో పొడిచినట్టున్న పుండ్లు గుంపుగా లేచి జ్వరం వస్తే మాత్రం ఆనాడే ఆసుపత్రికి పోవాలి. అది హెర్పిస్ వైరస్ సోకిన లక్షణం కావచ్చు.

దీనికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. "పైకి రావలసిన రోగాన్ని అణచితే లోపలికి పోతుంది" అంటారు. లోపలినుండి బయటికి నెట్టవలసిన విషం ఇందులో లేదు. అణచకుండా వదిలిన దురద పిల్లవాడి నిద్రను తింటుంది, గోకిన పుండులో చీము పట్టిస్తుంది. "స్టెరాయిడ్ విషం" అంటారు. నాలుగు మందులు కలిసిన గొట్టాన్ని ప్రశ్నించకుండా పూసే ఇంట్లోనే, వైద్యుడు వ్రాసిన తేలిక స్టెరాయిడ్‌ను భయపడి మూలన పెడతారు! ఎక్కడ భయపడాలో అక్కడ ధైర్యం, ఎక్కడ ధైర్యం కావాలో అక్కడ భయం. భయపడవలసింది ఏ రోగమో చూడకుండా ఇచ్చే మందుకు, ఊళ్ళో సూది వేసి రెండురోజుల్లో తగ్గించే మాయకు. ఆ సూది ప్రభావం దిగగానే రోగం మునుపటికంటె ఉధృతంగా తిరిగి రావచ్చు.

"వంకాయ, గోంగూర, గుడ్డు, పాలు మానిపించండి" అంటారు. కొందరు పసివాళ్ళకు కొన్ని ఆహారాలు పడకపోవడం నిజమే. అది వైద్యుడు పరీక్షించి తేల్చవలసిన సంగతి. ఇరుగమ్మ ఒకటి, పొరుగమ్మ ఒకటి మానిపిస్తే చివరకు పిల్లవాడికి మిగిలేది చారు అన్నం. రోగం ఉండనే ఉంటుంది, ఎదుగుదల ఆగుతుంది. ఇక సున్నిపిండితో నలుగుపెట్టడం, వేపాకు ముద్ద పట్టించడం. మంచి చర్మానికి అవి మంచివే కావచ్చు. సున్నం రాలిన గోడను పీచుతో తోమేవాడిని ఏమంటాం?

మరొక అన్యాయం కూడ ఉన్నది. ఆంగ్లంనుండి అనువదించిన వ్యాసాలన్నీ "చర్మం ఎర్రబడుతుంది" అని వ్రాస్తాయి. ఆ ఎరుపు తెల్లవారి చర్మంమీద కనిపించినంతగా మన చామనఛాయమీద కనిపించదు. మనకు అది ముదురు గోధుమరంగుగా, బూడిదరంగుగా, గరుకుగా కనిపిస్తుంది. ఎరుపుకోసం వెతికే తల్లి రోగాన్ని గుర్తించలేదు. తగ్గినాక మిగిలే తెల్లమచ్చను చూసి బొల్లి అని హడలిపోతుంది. అనువాదకుడు కనీసం తన చేయి చూసుకొని వ్రాయవద్దా?

"పండితుడివి కదా, మరి తెలుగుమాట ఏదీ?" అని మిత్రులు అడుగుతారు. విచర్చిక అనవచ్చును. కాని ఆ మాట దుకాణంలోనివాడికీ తెలియదు, తల్లికీ తెలియదు. నేను జీవితమంతా తెలుగుమాటకోసం వాదించినవాణ్ణే. అయినా ఈ ఒక్కచోట ఎగ్జిమా అనే పరభాషాపదాన్ని తెలుగులిపిలో వ్రాసి అలాగే ఉంచండి అని కోరుతున్నాను. రోడ్డు, స్టేషను మనవైనట్లే అదీ మనదవుతుంది. తప్పుడు మందు తెప్పించే తెలుగుమాటకంటె సరైన వైద్యుని దగ్గరకు నడిపించే అరువుమాట మేలు.

పత్రికలవారికి నా వినతి ఒక్కటే. ఎగ్జిమా పక్కన కుండలీకరణాల్లో తామర అన్నది తీసివేయండి, "అంటుకోదు" అని వ్రాయండి. ఉపాధ్యాయులకు మరొకటి. మీ తరగతిలో మోచేయి గోక్కొనే పిల్ల ఉంటే బల్ల మార్చవద్దు. ముందుగా తల్లిని పిలిచి, ఎన్నాళ్ళనుండి ఉన్నదో, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నదో అడగండి. తరువాత వైద్యునికి చూపించమనండి. నేను అడగలేదు.

స్వస్తి.