నాణెముపై జాతిముఖము

నాణెము వర్తకమునకు సాధనమే గాక రాజ్యాధికారమునకు ముద్ర కూడ. ఎవని రూపము దానిపై నుండునో వాడే ప్రభువని లోకము పూర్వకాలమునుండి నమ్మినది. మన రూపాయిపై నుండిన ఆంగ్ల ప్రభువు ముఖము తొలగి 1950లో అశోకుని సింహములు వెలసినప్పుడు, చదువురాని కృషీవలునకు సైతము ఏలిక మాఱినాడను వార్త అరచేతికే వచ్చినది.

ఈ దృష్టితో జూచినచో, మధ్య ఐరోపాలోని స్లోవేనియా 2007 జనవరి 1 నుండి చెలామణిలోనికి దెచ్చిన యూరో నాణెములు ఆలోచింపదగినవి. ఇంచుమించు 21 లక్షల జనముగల ఆ చిన్న దేశము 1991లో యుగోస్లావియానుండి విడివడి స్వతంత్రమైనది. ఆ యేడే తోలార్ అను సొంత నాణ్యమును స్థాపించుకొని, పదునాఱేండ్లు నిండకమునుపే దానిని విడిచి ఉమ్మడి నాణ్యమును స్వీకరించినది. యూరో నాణెమునకు ఒక వైపు అన్ని దేశములకు సమానము; రెండవ వైపు మాత్రమే ఆయా దేశముల యిచ్చకు విడువబడినది.

ఆ రెండవ వైపున బెల్జియము, స్పెయిను మున్నగు రాజ్యములు తమ రాజుల ముఖములను ముద్రించుకొన్నవి. చిరకాలము హాబ్స్‌బర్గు చక్రవర్తుల యేలుబడిలో నుండిన స్లోవేనీయులు రాజులను వెదుకలేదు. రెండు యూరోలపై మహాకవి ప్రెషెరెనును నిలిపిరి. 1844లో ఆయన రచించిన గీతము సెన్సారు కత్తెరకు గురియై 1848 వఱకు అచ్చు కాలేదు. నేడు అందలి యొక చరణమే వారి జాతీయగీతము. ఒక యూరోపై నున్నవాడు 1550లో స్లోవేన్ భాషకు తొలి అచ్చుపుస్తకముల నొసగిన మతాచార్యుడు ప్రిమోజ్ ట్రుబార్. ఏబది సెంట్లపై 2,864 మీటర్ల త్రిగ్లావ్ శిఖరము గలదు. మూడు తలలదని ఆ పేరున కర్థము. అందలి 'త్రి' మన సంస్కృతమునకు చుట్టమే. అయిదు సెంట్లపై ఇవాన్ గ్రోహార్ చిత్రించిన విత్తువాడు ధాన్యమునకు మాఱు నక్షత్రములను చల్లుచున్నాడు.

రెండు సెంట్ల నాణెము మాత్రము వివాదమునకు కారణమైనది. దానిపై నున్నది తలక్రిందు చేసిన రోమను స్తంభపు పీఠము. మధ్యయుగమున కారింథియాకు ప్రభువు కాగోరువాడు కాపువేషమున వచ్చి, ఆ శిలపై కూర్చున్న కర్షకుడు స్లోవేన్ భాషలో నడుగు ప్రశ్నలకు ఉత్తరము చెప్పవలసియుండెను. ఆ శిల యిప్పుడు ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫుర్ట్ నగరమున నున్నది గావున, అచ్చటి రాష్ట్రాధికారులు ఈ ముద్రణమును ఆక్షేపించిరి. శిల వారి యధీనమున నుండవచ్చును. చరిత్ర మాత్రము ఉభయులది. ఒకరు స్మరించినంతనే రెండవవారికి తరుగునది కాదు. ప్రభువును ప్రజ ప్రశ్నించిన దినమును తలచుకొనుట యే జాతికైనను తగవే.

అయినను బొమ్మ వేఱు, అధికారము వేఱు. వడ్డీ రేటును నిర్ణయించునది నేడు ఫ్రాంక్‌ఫుర్ట్‌లోని ఐరోపా కేంద్ర బ్యాంకు. ఆ సభలో స్లోవేనియా గొంతు అనేకములలో నొకటి. ముఖము తనదై పగ్గములు పరులవైనచో నాణెము కేవలము అలంకారమగును. స్వేచ్ఛగా పంచుకొన్న అధికారము పారతంత్ర్యము గాదనుమాట నిజమే. ప్రెషెరెన్ ముఖముగల నాణెము లిస్బన్ అంగడిలోను చెల్లుట చిన్న భాషకు చిన్న గౌరవము గాదు. కాని పంచుకొన్న దానిపై నిత్యము కన్ను వేసి యుంచుట ప్రజల విధి.

ఈ విషయమున పది సెంట్ల నాణెమే అన్నిటికన్న హెచ్చు బోధించుచున్నది. దానిపై నున్నది యోజె ప్లెచ్నిక్ అను శిల్పి 1947లో తన జాతికై కల్పించిన శాసనసభామందిరము. అది నేటికిని కట్టబడలేదు. కట్టిన కోటలను గాక కట్టవలసిన సభను నాణెముపై చెక్కుకొన్న జాతి, స్వరాజ్యము ముగిసిన పని కాదని తన పిల్లలకు ప్రతిదినము చెప్పుచున్నది. ఆ మాట మఱువనంతకాలము ఆ నాణెమునకు విలువ తగ్గదు.